కమ్మలు నొక్కని హెడ్‌ఫోన్లు

రేడియో స్టేషను నుంచి ఉత్తరం వచ్చిన రోజు మొదలు వీరరాఘవయ్యగారి కాలు ఒకచోట నిలవలేదు. పొద్దున లేచి పళ్ళు తోముకోవడం ఆలస్యం, ఉత్తరం చొక్కా జేబులో పెట్టుకుని తిరువూరు బజారు మీద పడేవాడు. కిళ్ళీ కొట్టు, మంగలి షాపు, ఎరువుల గోడౌను, బస్టాండులో కంట్రోలరు బల్ల, ఏదీ వదల్లేదు. పాతకాలపు నాటకాల వాళ్ళ చేత పద్యాలు పాడించి వినిపించే కార్యక్రమం ఒకటి రేడియోవాళ్ళు పెట్టారు. మార్చి నెలలో ఆయన బెజవాడ వెళ్ళి పాడి వచ్చాడు. అది మే ఇరవై మూడు గురువారం సాయంత్రం ఏడుంపావుకి వస్తుంది. పదిహేను నిమిషాలు. ఒక్కసారే. ఈ నాలుగు ముక్కలూ ఆ పది రోజుల్లో ఊళ్ళో తెలియనివాడు లేడు. తెలిసినవాడికి కూడా ఆయన మళ్ళీ చెప్పాడు.

ఆయన భార్య సీతారావమ్మగారికి మాత్రం చెప్పలేదు. చెప్పలేదంటే దాచాడని కాదు. ఉత్తరం ఆమె కళ్ళ ముందు ఊపి, రేడియో వైపు వేలు చూపించి, తన గుండె మీద తట్టుకున్నాడు. ఆమెతో కొన్నాళ్ళుగా ఆయన మాట్లాడే పద్ధతి అదే. ఐదారేళ్ళ నుంచి ఆమెకు చెవులు మందగించాయి. కుడి చెవి దగ్గర నిదానంగా మాట్లాడితే కొంత తెలుస్తుంది, కొంత పెదవులు చూసి కనిపెడుతుంది. అంత ఓపిక వీరరాఘవయ్యగారికి లేదు. అన్నానికి నోటి దగ్గర చెయ్యి, మంచినీళ్ళకి బొటనవేలు, కూరలో ఉప్పు తక్కువైతే కంచం మీద రెండు దెబ్బలు. అంతటితో కాపురం నడిచిపోతోంది.

ఆయనకు అరవై మూడు, ఆమెకు యాభై ఎనిమిది. పెళ్ళయి నలభై రెండేళ్ళు. ఆ రోజుల్లో ఆయన నాటకాల్లో రాణి వేషాలు కట్టేవాడు. పచ్చటి మనిషి, సన్నటి గొంతు. నెలలో ఇరవై రోజులు ఏ నందిగామలోనో, ఏ ఖమ్మంలోనో ఉండేవాడు. సీతారావమ్మగారు కాపురానికి వచ్చిన వారానికే అత్తగారు ఒక మాట చెప్పి పెట్టింది. మొగుడు చీర కట్టుకుని ఏడుస్తుంటే పెళ్ళాం కూర్చుని చూడటం ఈ ఇంట్లో కుదరదు అంది. అంతే, కుదరలేదు. ఊరంతా వెళ్ళి చూసి వచ్చి, తెల్లారి నూతి దగ్గర ఆమెకే ఆమె మొగుడి గొంతు గురించి చెప్పేవాళ్ళు. ఇంట్లో ఆయన కూనిరాగం తీసిన పాపాన పోలేదు. గొంతు అరిగిపోతుందనేవాడు. తర్వాత నాటకాలు పోయాయి, అత్తగారు పోయింది, ఇప్పుడు చెవులు పోతున్నాయి.

ఆమెకు కావలసింది ఒకటే. ఆ గొంతు ఒక్కసారి వినాలి. ఇది గాలివాటు కోరిక కాదు, మొక్కుబడి కోరికా కాదు. ఉత్తరం చూసిన రోజు నుంచి ఆమెకు అన్నం సరిగా దిగలేదు. రేడియో పక్కన చెవి ఆనించి కూర్చుని చూసింది. ఎవరో మూతపెట్టిన కుండలో మాట్లాడుతున్నట్టు బుర్రుబుర్రుమనడమే తప్ప ఒక్క మాటా విడిపడలేదు. చెవిలో పెట్టుకునే మిషను సంగతి అంతకు ముందే తేలిపోయింది. దాని ధర విని కాదు, డాక్టరు పెట్టి చూపించినప్పుడు అది వేసిన కూతకి ఆమెకు కళ్ళు తిరిగాయి.

ముందు వాటాలో అద్దెకుంటున్న టీచరు జ్ఞానమణి ఒకరోజు ఇది కనిపెట్టింది. కుడివైపు వచ్చి కూర్చుని, మాట మాట విడదీసి అడిగింది.

"ఆయన పాట వినాలనా, సీతారావమ్మగారూ?"

సీతారావమ్మగారు తలూపింది. ఊపాక కళ్ళలో నీళ్ళు తిరిగితే కొంగుతో తుడుచుకుని, ఉల్లిపాయలంది. చేతిలో ఉన్నది బెండకాయలు.

"హెడ్‌ఫోన్లని ఉంటాయండీ. రైల్వేలో మా అన్నయ్య దగ్గర ఉన్నాయి. రెండు చెవులకీ పెట్టుకుంటే రేడియో సరాసరి లోపలికే వస్తుంది. మీ సెట్టుకి వెనకాల వాటి పిన్ను పెట్టే చిల్లు ఉంది, నేను చూశాను."

"ఎంతవుతుందమ్మా?"

"రకాన్ని బట్టి."

ఆమెకంటూ ఒక డబ్బు ఉంది. రెడ్డిగూడెంలో పుట్టింటివాళ్ళు తోట పంచుకున్నప్పుడు నాలుగు మామిడి చెట్లు ఆమె పేర వదిలారు. ఏటా ఆ కాపు డబ్బు ఆమె చేతికే వస్తుంది, దాని లెక్క ఎవరూ అడగరు. ఈ ఏడు పూత సరిగా నిలవక తొంభై రూపాయలే వచ్చాయి. ఆ తొంభై రవికెలో పెట్టుకుని, శనివారం జ్ఞానమణితో కలిసి పొద్దుటి బస్సెక్కింది. భర్తకు చెవులు చూపించి సూది గుచ్చుతున్నట్టు సైగ చేసింది, డాక్టరని. ఆయన సరేనని చెయ్యి ఊపాడు. అసలు సంగతి చెబితే ఈ వయసులో ఇదేం వేషమంటాడు. వేషాల గురించి ఆయన చేత అనిపించుకోవడం ఆమెకు ఇష్టం లేదు.

బెజవాడలో మూడు కొట్లు తిరిగితే ఒక దాంట్లో నాలుగు రకాలు దొరికాయి. కొట్టతను మంచివాడే గానీ, ఇంత వయసావిడ హెడ్‌ఫోన్లు అడగడం అతనికి కొత్త. మనవడికా అని అడిగాడు. నాకే అంది ఆమె. అతను బల్ల మీద రేడియో పెట్టి, మొదటి జత తీశాడు. తేలిగ్గా ఉంది, చెవి మీద స్పాంజి, వెనక అంతా చిల్లులు. పెట్టుకుంటే రేడియోలో సన్నాయితో పాటు బయట రిక్షా బెల్లు, లారీ హారను, పక్క కొట్టులో బేరం, అన్నీ కలిసి గుజ్జయిపోయాయి.

"ఇది వద్దండీ. వీళ్ళ ఇల్లు బస్టాండు పక్కన. వెనక మూసి ఉన్నది కావాలి" అంది జ్ఞానమణి.

రెండోది మిలిటరీ వాళ్ళు వాడి అమ్మేసిన సరుకు. నల్లగా, బరువుగా, గట్టిగా ఉంది, ఇరవైకే ఇస్తానన్నాడు. సీతారావమ్మగారు పెట్టుకున్న మరుక్షణం అమ్మో అని తీసేసింది. ఆమె చెవులకి రాళ్ళ కమ్మలున్నాయి, వెనక సీలలు. ఆ గట్టి చిప్పలు కమ్మల్ని నొక్కితే సీలలు చెవి వెనక దిగబడ్డాయి.

"కమ్మలు తీసి పెట్టుకోండమ్మా, సరిపోద్ది" అన్నాడు కొట్టతను.

జ్ఞానమణి ఆ మాట ఆమెకు అందించింది.

"బోసిచెవులతో మొగుడి పాట వినమంటావా నాయనా?" అంది సీతారావమ్మగారు. ఆ మాటకి అతను మూడోది తీశాడు. జపాను సరుకు. దూదిలా ఉంది. ధర వినగానే జ్ఞానమణే దాన్ని జాగ్రత్తగా బల్ల మీద పెట్టేసింది.

నాలుగోది బొంబాయిలో చేసింది. రెక్సిను మెత్తలు, వెనక పూర్తిగా మూత, చిప్పలు పెద్దవి. చెవి మీద కూర్చోకుండా చెవి చుట్టూ కూర్చుంటుంది. కమ్మ ఆ గుంటలో హాయిగా ఇమిడింది. కానీ తల మీది బద్ద బిగుతుగా ఉండి కణతలు పట్టేసింది.

"చూస్తానికి బాగానే ఉంటాయి, కాసేపయ్యాక గానీ తెలియదు" అంది సీతారావమ్మగారు. అని, స్టూలు లాక్కుని, వాటితోనే కూర్చుంది. "నువ్వెళ్ళి అన్నం తిని రా నాయనా. నేను ఇక్కడే కూర్చుంటా."

కొట్టతను జ్ఞానమణి వంక చూశాడు. జ్ఞానమణి గోడ మీది క్యాలెండరు వంక చూసింది. సీతారావమ్మగారు బియ్యం కొంటే నాలుగు గింజలు నమిలి చూసే మనిషి, చీర కొంటే కొట్లోనే తడిపి రంగు చూసే మనిషి. అరగంట కదలకుండా కూర్చుంది. తీశాక కణతల మీద రెండు ఎర్రటి గుర్తులు. చెవులు మాత్రం నొప్పి లేవు. అతను ఆ బద్దని ఒక పెద్ద రేడియో అట్టపెట్టెకి అడ్డంగా తగిలించి, నిజంగానే అన్నానికి వెళ్ళాడు. వచ్చి తీస్తే బద్ద సడలింది. మళ్ళీ పావుగంట కూర్చుని, ఈసారి బాగుందంది. అతను తొంభై ఐదు చెప్పినవాడు, ఈ స్టూలు ఖాళీ అయితే చాలన్నట్టు ఎనభై రెండుకి ఇచ్చేశాడు.

అదే సాయంత్రం తిరువూరులో దిగగానే ఆమె సరాసరి రేడియోలు బాగుచేసే అంతోనయ్య కొట్టుకి వెళ్ళింది. పిన్ను అనుమానంగా ఉందని దారిలోనే జ్ఞానమణి అంది. అనుమానం నిజమే.

"మీ సెట్టు నాకు తెలుసమ్మా, రెండుసార్లు నేనే బాగు చేశా. దాని చిల్లు సన్నం. ఇదేమో లావు పిన్ను" అని అంతోనయ్య దాన్ని కోసేసి సన్న పిన్ను అతికాడు. తన దగ్గరున్న అలాంటి సెట్టుకే పెట్టి చూపించాడు.

బెజవాడ కొట్లో విన్నది సన్నాయి. ఇక్కడ వార్తలు వస్తున్నాయి. సీతారావమ్మగారు ఉలిక్కిపడింది. చదివేది మగమనిషి అని తెలిసింది. మాట చివర మాట, విడివిడిగా. మధ్యలో అతను ఊపిరి పీల్చుకోవడం కూడా వినపడింది. ఐదేళ్ళలో మనిషి ఊపిరి ఆమెకు వినపడలేదు. పక్కనున్న జ్ఞానమణి చెయ్యి గట్టిగా పట్టుకుని, వార్తలు అయ్యేదాకా వదల్లేదు.

తీశాక అంతోనయ్య ఒక సంగతి చెప్పాడు.

"పిన్ను పెడితే బయట స్పీకరు ఆగిపోద్దమ్మా. ఒక్కళ్ళే వినాలి. అది దాని పద్ధతి. సెట్టు పట్రండి, లోపల ఒక వైరు కలిపితే రెండూ మోగుతాయి. గంట పని."

ఆ గంట పనే కుదరలేదు. ఇంటికి వెళ్ళేసరికి వీరరాఘవయ్యగారు కొత్త బ్యాటరీలు వేసి, విజయవాడ స్టేషను ముల్లు సరిచేసి, మడత పంచె కప్పి, రేడియోని బీరువా మీద పెట్టేశాడు. ఆమె అటు చెయ్యి చాపితే రెండు చేతులూ అడ్డం పెట్టాడు.

"గురువారం దాకా దీని మీద చెయ్యేస్తే ఊరుకునేది లేదు. ముల్లు కదిలితే నా పరువు పోద్ది. శుక్రవారం నీ ఇష్టం."

సెట్టు ఎందుకు కావాలో ఆయనకి చెప్పమని జ్ఞానమణి పోరింది. నేను చెప్పనా అని కూడా అంది. సీతారావమ్మగారు ఒప్పుకోలేదు.

"అడిగి వినేదాన్నయితే నలభై ఏళ్ళ కిందటే అడిగేదాన్ని టీచరుగారూ. వాళ్ళంతా వింటుంటే నేను ఆయన మొహం చూస్తాలే. అదీ ఒక వినడమే" అంది. అందిగానీ, ఆ మాట మీద ఆమెకే నమ్మకం లేదు.

గురువారం ఆరింటికే వాకిట్లో చాపలు పరిచారు. నలభై మంది వచ్చారు. వీరరాఘవయ్యగారు మే నెల ఉక్కలో పట్టు కండువా వేసుకుని, చెమటలు కక్కుతూ, రేడియోని బల్ల మీద పెట్టి, దాని పక్కన పెళ్ళికొడుకులా కూర్చున్నాడు. సీతారావమ్మగారు వచ్చి ఆ బల్లకి దగ్గరలో గోడవార కూర్చోబోయింది. ఆయన చూసి, లోపలికి చెయ్యి ఊపాడు. సైగతో ఆగినా బాగుండేది. నలుగురూ ఉన్నారని నోటితో కూడా అన్నాడు.

"నీకెటూ వినపడదు గదా, లోపలికెళ్ళి మజ్జిగ సంగతి చూడు."

ఆమె ఆ పెదవులు చదివింది. లోపలికి వెళ్ళి మజ్జిగలో ఉప్పు వేసి, అల్లం దంచి వేసి, కరివేపాకు తుంచి వేసి కలిపింది. కుండ ఎత్తుకుని గుమ్మంలోకి వచ్చేసరికి మొదలైపోయింది. ఆమెకు బుర్రుబుర్రుమనే వినిపిస్తోంది. కానీ మొహాలు కనిపిస్తున్నాయి. ఎరువుల గోడౌను గుమాస్తా కళ్ళు మూసుకుని తలాడిస్తున్నాడు. ఎదురింటి అక్కమ్మ బుగ్గన చెయ్యి పెట్టుకుంది. ఎక్కడివాళ్ళో దారినపోయే ఇద్దరు సైకిళ్ళు ఆపి నిలబడ్డారు. వీరరాఘవయ్యగారు ఆ మొహాలన్నీ వరసపెట్టి చూసుకుంటున్నాడు, ఎవరు ఎంత మెచ్చుకుంటున్నారో అని. గుమ్మం వైపు ఒక్కసారీ చూడలేదు.

అందరికీ ఇచ్చినదే, ఆమెకి తప్ప. ఎప్పుడూ అంతే. ఆమెకు ఒళ్ళు మండింది.

కుండ అక్కడే గడప మీద దించి, లోపలికి వెళ్ళి, ట్రంకుపెట్టెలోంచి హెడ్‌ఫోన్లు తీసుకుని వచ్చింది. చాపల మధ్యనుంచి నడిచి, బల్ల దగ్గర స్టూలు మీద కూర్చుని, కమ్మలు సర్దుకుని, చిప్పలు చెవులకి పెట్టుకుని, రేడియో వెనక చెయ్యి పెట్టి పిన్ను గుచ్చింది.

వాకిలి మూగబోయింది.

"ఏమైంది? బ్యాటరీలా?" అని వీరరాఘవయ్యగారు లేచాడు. అప్పుడు వైరు కనపడింది, వైరు చివర భార్య కనపడింది. మొహం జేవురించింది. పిన్ను లాగెయ్యడానికి చెయ్యి చాపాడు.

"ఉండండి బాబాయిగారూ" అంది జ్ఞానమణి లేచి. "ఆమెకి వినపడుతోందండీ."

ఆయన చెయ్యి ఆగింది. వినపడుతోందన్న మాట ఆయనకు అర్థం కావడానికి కొంత సేపు పట్టింది.

సీతారావమ్మగారికి ఇవేవీ తెలియవు. ఆమె చెవుల్లో ఒక కొత్త మనిషి పాడుతున్నాడు. అరవై ఏళ్ళ గొంతే, అక్కడక్కడా జీరగానే ఉంది, కానీ లోపల ఒక ఆడమనిషి ఉంది. భర్త వదిలి వెళ్ళిన రాణి ఆమె. పొద్దుపోయింది, దీపం కొండెక్కింది, వాకిట్లో అడుగుల చప్పుడయితే లేచి చూస్తుంది, ఎవరో దారినపోయేవాళ్ళు. మళ్ళీ పడుకుంటుంది. మళ్ళీ చప్పుడవుతుంది. ఇవన్నీ సీతారావమ్మగారికి తెలుసు. ఏ రాణీ వచ్చి చెప్పనక్కర్లేదు. వెనక వసారాలో, అత్తగారి దగ్గుల మధ్య, పద్దెనిమిదేళ్ళు ఆమె అలాగే లేచి చూసింది.

చెవులు గట్టిగా మూసుకున్నవాళ్ళకి తమ గొంతు ఎంత పెద్దదో తెలియదు. ఆమె మనసులో అనుకుంటున్నాననే అనుకుంది. వాకిలంతా మారుమోగింది.

"ఇంత తెలుసునా మీకు!"

నలభై మందీ ఆమె వంక తిరిగారు.

"ఒంటరి ఆడది వాకిలి వంక ఎట్లా చూస్తదో, ఎన్నిసార్లు లేస్తదో, అంతా తెలుసే! తెలిసే వెళ్ళేవారా? ఇదంతా ఊళ్ళ వాళ్ళకి పాడి చెప్పి, నాకు మాత్రం ఉప్పు తక్కువైందన్న మాట ఒక్కటే మిగిల్చారా?"

అక్కమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వీరరాఘవయ్యగారు నిలబడ్డవాడు నిలబడ్డట్టే ఉన్నాడు. కండువా ఒక కొస జారి నేల మీద పడినా తీసుకోలేదు. ఆమె కళ్ళు మూసుకుని, చిప్పల్ని రెండు చేతులతో ఇంకా దగ్గరకి అదుముకుని, ఆఖరి పద్యం దాకా విన్నది. తర్వాత ఎవరో మాట్లాడారు, తర్వాత ధాన్యం ధరలు వచ్చాయి. అప్పుడు తీసింది.

చూస్తే అందరూ తనవంకే చూస్తున్నారు.

"ఏంటట్లా చూస్తున్నారు?" అంది.

"అయిపోయిందయ్యా ప్రోగ్రాం. మజ్జిగ తాగి వెళ్ళండి" అన్నాడు వీరరాఘవయ్యగారు, ఎవరి మొహమూ చూడకుండా. కొందరు తాగారు, కొందరు తాగకుండానే చెప్పులు వెతుక్కున్నారు. ఆయన వచ్చి ఆమె స్టూలుకి కుడివైపు నేల మీద కూర్చున్నాడు. సైగలు చెయ్యలేదు. ఆమె చెవి దగ్గర నోరు పెట్టి, మాట మాట విడదీసి అడిగాడు.

"ఎట్లా పాడాను?"

"మొదటిది నాకు అందలా. తర్వాతవి బాగున్నాయి. ఆఖర్న గొంతు వణికింది."

"వయసు."

"కావొచ్చు."

"మధ్యలో నువ్వేమన్నావో తెలుసా?"

"నేనేమన్నాను? ఏమీ అనలేదే." అని, ఆయన మొహం చూసి, చెప్పులు తొడుక్కుంటున్న జనాన్ని చూసి, ఆగింది. "పైకే అన్నానా?"

"పైకే అన్నావ్."

సిగ్గుపడాలేమోనని సీతారావమ్మగారు తనలో తను వెతుక్కుంది. సిగ్గు రాలేదు. వాళ్ళంతా ఎన్నిసార్లు ఆయన గొంతు వినలేదు! ఒక్కసారి ఈ గొంతు కూడా విన్నారు.

"అయితే జవాబు చెప్పండి" అంది. "తెలిసే వెళ్ళేవారా?"

ఆయన చాప అంచు పీకాడు. పెదవులు కదిలాయి. ఏమన్నాడో ఆమెకు పెదవుల మీదే తెలిసిపోయింది. అయినా ఊరుకోలేదు.

"వినపడలా" అంది.

ఆయన వీధి వైపు చూశాడు. సగం జనం ఇంకా వాకిట్లోనే ఉన్నారు. ఆమె వంక చూశాడు. ఆమె చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని ఎదురు చూస్తోంది. ఒకప్పుడు మైకు లేకుండా వెయ్యిమందికి వినిపించిన మనిషి. గొంతు సవరించుకుని గట్టిగా చెప్పాడు.

"తెలిసే వెళ్ళేవాణ్ణి!"

చెప్పులు తొడుక్కుంటున్నవాళ్ళు తొడుక్కుంటున్నట్టే ఆగిపోయారు. రోడ్డు మీద సైకిలు ఎక్కబోయినవాడు కాలు కిందికి దించాడు.

"ఇప్పుడు వినపడింది" అంది సీతారావమ్మగారు.